పన్నెండు తులాల మట్టి, అరవై ఏళ్ల చదువు

2023 సెప్టెంబరు 24, ఆదివారం. మన దగ్గర రాత్రి ఎనిమిదిన్నర కావస్తున్న సమయానికి అమెరికాలోని యూటా ఎడారిలో తెల్లవారి ఎండ ఎక్కుతోంది. అక్కడి సైనిక పరీక్షా క్షేత్రంలో పారాచూట్ సాయంతో ఒక చిన్న పెట్టె నేల మీద దిగింది. అందులో ఉన్నది ‘బెన్ను’ అనే గ్రహశకలం మీద నుంచి తెచ్చిన మట్టి, రాతి ముక్కలు. తర్వాత తూచి చూస్తే 121.6 గ్రాములు. మన ఇళ్లలో బంగారం లెక్కన చెప్పుకుంటే పన్నెండు తులాల పైచిలుకు.

ఆ మట్టి తెచ్చిన వ్యోమనౌక పేరు ఒసైరిస్-రెక్స్. నాసా సాధించిన ఘనతగా పత్రికలు రాశాయి. అది నిజమే. కానీ ఆ యాత్రకు నాయకుడు నాసా ఉద్యోగి కాడు. అరిజోనా రాష్ట్రంలోని టూసాన్ పట్టణంలో, ప్రభుత్వ నిధులతో నడిచే యూనివర్సిటీ ఆఫ్ అరిజోనాలో పాఠాలు చెప్పే ప్రొఫెసరు. పేరు డాంటే లారెట్టా. ఆయన చదువుకున్నది కూడా అక్కడే. ఒక విశ్వవిద్యాలయం ఇంత పెద్ద యాత్రను ఎలా నడిపించగలిగింది, ఆ శక్తి దానికి ఎప్పుడు, ఎలా వచ్చింది అన్నది ఈ వ్యాసంలో చెప్పదలచుకున్న విషయం. మన సంఘానికి యాభై ఏళ్లు నిండిన ఈ సందర్భానికి ఆ చరిత్ర తగినదని నాకు అనిపించింది. ఎందుకో చివరికి మీకే తెలుస్తుంది.

ముందు ఒక మాట. ఇలాంటి యాత్రల్లో నాసా ఒక పద్ధతి పాటిస్తుంది. ‘మీ ఆలోచన ఏమిటో చెప్పండి, ఎలా చేస్తారో, ఎంతవుతుందో లెక్కలతో రాయండి’ అని శాస్త్రవేత్తలను అడుగుతుంది. వచ్చిన ప్రతిపాదనల్లో ఒకదాన్ని ఎంచుకుంటుంది. ఆ ప్రతిపాదన పెట్టిన ప్రధాన పరిశోధకుడే మొదటి నుంచి చివరి దాకా యాత్రకు బాధ్యుడు. ఒసైరిస్-రెక్స్ విషయంలో యాజమాన్య వ్యవహారాలు నాసా వారి గొడార్డ్ కేంద్రం చూసుకుంది. నౌకను తయారు చేసి నడిపింది లాక్‌హీడ్ మార్టిన్ సంస్థ. ఏం వెతకాలి, ఎక్కడ వెతకాలి, దేనితో చూడాలి, చూసినదానికి అర్థం ఏమిటి అన్న శాస్త్ర బాధ్యత అంతా విశ్వవిద్యాలయానిది. ప్రయోగ వాహనం ఖర్చు కాకుండా సుమారు 80 కోట్ల డాలర్ల యాత్ర అది.

చంద్రుడితో మొదలు

కథ 1960లో మొదలవుతుంది. ఆ రోజుల్లో ఖగోళ శాస్త్రజ్ఞులకు నక్షత్రాలు, గెలాక్సీలు పెద్ద చదువు. చంద్రుడు, గ్రహాలు అంటే చిన్నచూపు. ఆ చిన్నచూపును లెక్కచేయని మనిషి జెరార్డ్ కైపర్. నెదర్లాండ్స్‌లో పుట్టి అమెరికా వచ్చినవాడు. శని ఉపగ్రహం టైటాన్‌కు వాతావరణం ఉందని 1944లో కనిపెట్టినవాడు. షికాగో విశ్వవిద్యాలయం వారి యర్క్స్ వేధశాలలో ఉండేవాడు. అక్కడి నుంచి కొద్దిమంది సహచరులతో టూసాన్ వచ్చి చంద్ర, గ్రహ పరిశోధనశాలను స్థాపించాడు. టూసాన్ ఎడారి పట్టణం. ఏడాదిలో ఎక్కువ రాత్రులు ఆకాశం నిర్మలంగా ఉంటుంది. దగ్గరలోనే కిట్ పీక్ కొండ మీద పెద్ద దూరదర్శినులు వెలుస్తున్నాయి.

కైపర్ బృందం మొదట పెట్టుకున్న పని చంద్రుడి పటాలు. భూమి మీద నుంచి ఫొటో తీస్తే చంద్రుడి అంచున ఉన్న ప్రాంతాలు నొక్కుకుపోయినట్టు కనిపిస్తాయి. దీన్ని సరిచేయడానికి వాళ్లు వేసిన ఎత్తు చాలా సులువైనది. తెల్లటి పెద్ద గోళం మీద ఆ ఫొటోను ప్రొజెక్టరుతో వేశారు. తర్వాత గోళం పక్కకు వెళ్లి, ఆ అంచు ప్రాంతానికి ఎదురుగా నిలబడి మళ్లీ ఫొటో తీశారు. విలియం హార్ట్‌మన్ అనే విద్యార్థి ఈ పనిలో ఉండగా, చంద్రుడి పడమటి అంచున వలయం లోపల వలయంగా ఉన్న ఒక బ్రహ్మాండమైన గుంట కనబడింది. మేర్ ఓరియంటేల్ అని పేరున్న ప్రాంతం అది. అంత పెద్ద తాకిడి గుర్తు అక్కడ ఉందని అప్పటిదాకా ఎవరూ పట్టుకోలేదు. ఒక ప్రొజెక్టరు, ఒక తెల్ల గోళం, చూసే ఓపిక ఉన్న ఒక కుర్రవాడు. ఆ పరిశోధనశాల తొలి పెద్ద ఫలితాల్లో ఒకటి అలా వచ్చింది.

ఆ తర్వాత చంద్రుడి మీదకు పంపిన రేంజర్ నౌకల ఫొటోల పరిశీలనకు నాసా కైపర్‌నే నాయకుడిగా పెట్టుకుంది. 1973లో విశ్వవిద్యాలయం గ్రహ శాస్త్రాలకు ప్రత్యేక శాఖ ఏర్పాటు చేసింది. ఆ ఏడాది డిసెంబరులోనే కైపర్ కన్నుమూశాడు. పరిశోధనశాలకు పక్కనే పాఠశాల ఏర్పడడం ఇక్కడ ముఖ్యమైన మలుపు. ఇక అక్కడ పనితోపాటు పని నేర్పడం కూడా నడుస్తుంది.

చేతిపని పెరిగిన తీరు

కైపర్ తర్వాతి నలభై ఏళ్లలో ఆ పరిశోధనశాల చేసిన పనుల జాబితా చూస్తే ఒక వరుస కనిపిస్తుంది. టామ్ గెరల్స్ బృందం తయారుచేసిన పరికరం పయొనీర్ 10, పయొనీర్ 11 నౌకల మీద వెళ్లి గురు, శని గ్రహాల చిత్రాలు పంపింది. అదే గెరల్స్, రాబర్ట్ మెక్‌మిలన్‌తో కలిసి 1980లో స్పేస్‌వాచ్ అనే గ్రహశకలాల అన్వేషణ ప్రారంభించాడు. 1997లో అంగారకుడి మీద దిగిన పాత్‌ఫైండర్‌కు కన్నుగా ఉన్న కెమెరా పీటర్ స్మిత్ బృందానిది. 2005 జనవరిలో హైగెన్స్ నౌక టైటాన్ మీదకు దిగుతూ తీసిన చిత్రాలు మార్టిన్ టొమాస్కో బృందం పరికరంతో తీసినవి. అదే ఏడాది ఆగస్టులో అంగారకుడికి బయలుదేరిన మరో నౌక మీద, ఆ గ్రహాన్ని అతి సూక్ష్మంగా చూసే హైరైజ్ కెమెరా బాధ్యత ఆల్‌ఫ్రెడ్ మెక్యువెన్‌ది.

ఇవన్నీ విజయాలే అనుకోవద్దు. 1999 డిసెంబరులో అంగారకుడి ధ్రువం దగ్గర దిగాల్సిన నౌక దిగుతూ దిగుతూ మాయమైంది. దాని మీద టూసాన్ పరికరాలు ఉన్నాయి. ఏళ్ల తరబడి చేసిన పని కొన్ని నిమిషాల్లో పోయింది. ఆ వైఫల్యం వల్ల 2001లో వెళ్లాల్సిన మరో నౌకను కూడా ఆపేశారు. పక్కన పెట్టిన ఆ నౌకనే బయటకు తీసి, లోపాలు వెతికి, బాగుచేసి పంపుతామని పీటర్ స్మిత్ ప్రతిపాదన పెట్టాడు. బూడిదలోంచి లేచే పక్షి పేరు మీదుగా దానికి ఫీనిక్స్ అని పేరు పెట్టారు. 2008 మే 25న అది అంగారకుడి ఉత్తర ప్రాంతంలో క్షేమంగా దిగి, నేలలో మంచు ఉందని తవ్వి చూపింది. అంగారక యాత్రకు ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయం నాయకత్వం వహించడం అదే మొదలు.

ఇంజినీరుగా నాకు ఈ వరుసలో కనిపించేది ఒకటే. ఒక పరికరం తయారుచేసిన చేతులు తర్వాతి పరికరానికి అక్కడే ఉన్నాయి. మొదట ఒక నౌక మీద చిన్న భాగం, తర్వాత పూర్తి కెమెరా, తర్వాత మొత్తం యాత్ర. మెట్టు తర్వాత మెట్టు. డబ్బు పెట్టి పరికరాలు కొనవచ్చు గాని, చేతులకు వచ్చిన పనిని ఎక్కడా కొనలేం.

రెండుసార్లు కాదన్నారు

కైపర్ పోయిన 1973లోనే టూసాన్‌కు వచ్చి చేరిన యువకుడు మైఖేల్ డ్రేక్. బ్రిటన్ నుంచి వచ్చినవాడు. ఉల్కల రసాయనం ఆయన విద్య. 1994లో పరిశోధనశాలకు డైరెక్టరు అయ్యాడు. 2001లో ఆయన దగ్గర అధ్యాపకుడిగా చేరిన కుర్రవాడు డాంటే లారెట్టా. ఇతనూ ఉల్కల మనిషే. ఇదే విశ్వవిద్యాలయంలో డిగ్రీ విద్యార్థిగా ఉన్నప్పుడు, విద్యార్థుల పత్రికలో నాసా నిధులతో పరిశోధనలో సాయపడే అవకాశం గురించి ఒక ప్రకటన చూసి దరఖాస్తు పెట్టుకున్నాడు. అతని దారి అక్కడ మలుపు తిరిగింది.

ఉల్కలు చదివేవారికి ఒక బాధ ఉంది. ఆకాశం నుంచి పడిన రాయి వాతావరణంలో కాలుతుంది. నేల మీద పడగానే మన తేమ, మన సూక్ష్మజీవులు దానిలోకి చేరతాయి. అందులో జీవానికి సంబంధించిన పదార్థం కనబడితే అది పైనుంచి వచ్చిందా, ఇక్కడ అంటుకుందా అని తేల్చడం కష్టం. ఆ రాయి ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. దీనికి మందు ఒక్కటే. ఆ రాళ్లు పుట్టిన చోటికే వెళ్లి, గాలి తగలకుండా మూతపెట్టి తెచ్చుకోవాలి.

2004 ఫిబ్రవరిలో లాక్‌హీడ్ మార్టిన్ ప్రతినిధి టూసాన్ వచ్చాడు. ఒక హోటల్‌లో డ్రేక్, లారెట్టా, ఆయన కూర్చుని మాట్లాడుకుంటుండగా, లారెట్టా చేతికి దొరికిన కాగితం రుమాలు మీద ఈ యాత్ర ఎందుకో నాలుగు మాటల్లో రాసుకున్నాడు. సౌరకుటుంబం మూలాలు, వర్ణపట పరిశీలన, గ్రహశకలాల్లో వనరులు, భూమికి భద్రత. ఇంగ్లిషులో ఆ మాటల అక్షరాలు కలిపితే ఈజిప్టు దేవుడు ఒసైరిస్ పేరు వచ్చింది. డ్రేక్ నాయకుడు, లారెట్టా ఉపనాయకుడు.

2004లో ప్రతిపాదన పంపారు. ఎంపిక కాలేదు. లోపాలు దిద్దుకుని మళ్లీ పంపారు. 2006లో చివరి వడపోత దాకా వెళ్లింది. ఇంకా వివరంగా లెక్కలు కట్టడానికి నాసా 12 లక్షల డాలర్లు ఇచ్చింది కూడా. 2007 డిసెంబరులో ఫలితం వచ్చింది. చంద్రుడి గురుత్వాన్ని కొలిచే గ్రెయిల్ యాత్ర ఎంపికైంది. రెండోసారీ నిరాశే. అయినా పనిని వదలలేదు. తాము వేసుకున్న పరిధి ఆ చిన్న పద్దులో ఇమడదని గ్రహించి, ఇంకా పెద్ద బడ్జెట్ ఉన్న న్యూ ఫ్రాంటియర్స్ పథకానికి తగ్గట్టు యాత్రను కొత్తగా అల్లారు. పేరుకు ‘రెక్స్’ చేరింది. చంద్రుడి మట్టి తేవాలన్న ప్రతిపాదన, శుక్రుడి మీద దిగాలన్న ప్రతిపాదన చివరి వరుసలో పోటీకి నిలిచాయి. 2011 మే 25న నాసా ఒసైరిస్-రెక్స్‌ను ఎంచుకుంది. టెండరు రెండుసార్లు చేజారాక మూడోసారి అంతే శ్రద్ధగా కాగితాలు తయారుచేయడం ఎంత కష్టమో నా వృత్తిలో ఉన్నవారికి చెప్పనక్కరలేదు.

పరిశోధనశాల యాభై ఏళ్లు పూర్తి చేసుకున్న మరుసటి ఏడాది ఈ వార్త వచ్చింది. కానీ డ్రేక్‌కు అప్పటికే ఆరోగ్యం బాగాలేదు. ఎంపికైన నాలుగు నెలలకు, 2011 సెప్టెంబరు 21న ఆయన చనిపోయాడు. ఏడేళ్లు మోసిన పని చేతికి అందిన ఏడాదే మనిషి వెళ్లిపోయాడు. బాధ్యత నలభై ఏళ్ల లారెట్టా మీద పడింది. ఒక యాత్ర ఆగిపోవడానికి ఇంతకంటే పెద్ద కారణం అక్కరలేదు. ఆగలేదు. ఏడేళ్లుగా ప్రతి లెక్కలో, ప్రతి తిరస్కారంలో డ్రేక్ అతన్ని పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. యాత్ర నడిచిన భవనానికి తర్వాత మైఖేల్ డ్రేక్ పేరు పెట్టారు.

ఒక మూడో తరగతి పిల్లవాడు, కొన్ని కెమెరాలు

వెళ్లాల్సిన గ్రహశకలాన్ని 1999లో కనిపెట్టారు. అప్పటికి దానికి 1999 ఆర్‌క్యూ36 అనే సంఖ్యే పేరు. వెడల్పు సుమారు 490 మీటర్లు. నాగార్జునసాగర్ ఆనకట్ట ఎత్తుకు దాదాపు నాలుగింతలు. దీనికి పేరు పెట్టమని విశ్వవిద్యాలయం, ప్లానెటరీ సొసైటీ, దాన్ని కనిపెట్టిన బృందం కలిసి బడిపిల్లలకు పోటీ పెట్టాయి. ఇరవై ఐదుకు పైగా దేశాల నుంచి ఎనిమిది వేలకు పైగా పేర్లు వచ్చాయి. 2013లో నార్త్ కరోలినాలో మూడో తరగతి చదివే తొమ్మిదేళ్ల పిల్లవాడి పేరు గెలిచింది. చాచిన చేయితో, రెండు రెక్కల్లాంటి సౌరఫలకాలతో నౌక కొంగలా ఉందని, కనుక ఈజిప్టు పురాణాల్లోని ‘బెన్ను’ పక్షి పేరు పెట్టమని ఆ పిల్లవాడు రాశాడు. ఇప్పుడు శాస్త్ర గ్రంథాలన్నీ ఆ పేరే వాడుతున్నాయి.

టూసాన్‌లో తయారైనవి మూడు కెమెరాలు. మొదటిది ఇరవై సెంటీమీటర్ల దర్పణం ఉన్న దూరదర్శిని లాంటిది. లక్షల కిలోమీటర్ల నుంచి చుక్కలా ఉన్న బెన్నును పట్టుకోవాలి, దగ్గరికి వెళ్లాక దాని మీది గులకరాళ్లనూ చూడాలి. ఫోకస్ మార్చుకోగల ఏర్పాటుతో రెండు పనులూ దాని చేతనే చేయించారు. రెండోది రంగుల వడపోతలతో పటాలు గీసేది. మూడోది మట్టి తీసే చేతిని కనిపెట్టి ఉండేది. ఉష్ణాన్ని బట్టి ఖనిజాలను గుర్తించే పరికరాన్ని పొరుగున ఉన్న అరిజోనా స్టేట్ యూనివర్సిటీలో ఫిలిప్ క్రిస్టెన్సెన్ బృందం చేసింది. ఆ విశ్వవిద్యాలయం ప్రాంగణంలోనే పూర్తిగా తయారై అంతరిక్షానికి వెళ్లిన తొలి పరికరం అది. ఎక్స్-కిరణాల పరికరం ఒకటి ఎంఐటీ, హార్వర్డ్ విద్యార్థులు చేశారు. అది బెన్నును చూస్తూ ఉండగా, 2019 నవంబరులో ఎక్కడో దూరాన కొత్తగా వెలిగిన కృష్ణబిలం ఒకటి దాని చూపులో పడింది. విద్యార్థుల పరికరానికి అదొక కానుక.

2016 సెప్టెంబరు 8న నౌక బయలుదేరింది. 2018 డిసెంబరు 3న బెన్నును చేరింది.

నేల చదునుగా లేదు

భూమి మీద నుంచి చేసిన కొలతలను బట్టి బెన్ను నేల సముద్రపు ఒడ్డులా సన్నని గులకతో ఉంటుందని అంచనా వేశారు. దిగడానికి యాభై మీటర్ల వెడల్పు చదును చోటు చాలునని నౌకను రూపొందించారు. తీరా దగ్గరికి వెళ్లి చూస్తే నేలంతా బండరాళ్లు. ఇళ్లంత రాళ్లు. యాభై మీటర్ల చదును ఎక్కడా లేదు.

ఇక్కడే విశ్వవిద్యాలయం పని అసలు పరీక్షకు వచ్చింది. 2019 మార్చి, ఏప్రిల్ నెలల్లో పెద్ద కెమెరా తీసిన 2,155 చిత్రాలను కలిపి, ఒక్కో చుక్కకు ఐదు సెంటీమీటర్ల వివరంతో బెన్ను పూర్తి పటం తయారుచేశారు. అంతకుముందు ఏ గ్రహగోళానికీ అంత వివరమైన పటం లేదు. చిత్రాల విభాగానికి నాయకురాలు డానీ డెల్లాజుస్టీనా. రాళ్లను లెక్కపెట్టడానికి కంప్యూటర్లు చాలలేదు. జనాన్ని సాయం అడిగారు. 3,500 మందికి పైగా మామూలు మనుషులు ఇళ్లలో కూర్చుని కోటీ నలభై లక్షల గుర్తులు పెట్టారు. చివరికి నాలుగు చోట్లు మిగిలాయి. నాలుగింటికీ పక్షుల పేర్లే పెట్టారు. 2019 డిసెంబరులో నైటింగేల్ అనే చోటు ఖరారైంది. అందులో పనికివచ్చే మేర ఎనిమిది మీటర్లే. వెడల్పు గల వ్యాన్ అంత నౌకను అందులోకి దించాలి.

లేజరుతో దూరం కొలుచుకుంటూ దిగాలన్నది పాత పథకం. అది అంత ఇరుకుకు చాలదు. నౌక తన కెమెరాతో కింద చూసుకుంటూ, తన జ్ఞాపకంలో ఉన్న పటంతో పోల్చుకుంటూ తానే దారి సరిచేసుకునే పద్ధతికి మారారు. కింద ప్రమాదకరమైన రాయి ఉందని తేలితే ఐదు మీటర్ల ఎత్తు నుంచి తనకు తానే వెనక్కి తిరగాలి. భూమి నుంచి చెప్పే వీలు లేదు. దూరం సుమారు 33 కోట్ల కిలోమీటర్లు. మాట చేరడానికి పద్దెనిమిదిన్నర నిమిషాలు పడుతుంది.

ఇంతలో కోవిడ్ వచ్చింది. ఆగస్టులో అనుకున్న ప్రయత్నం 2020 అక్టోబరు 20కి జరిగింది. మూడున్నర మీటర్ల లోపు పొడవున్న చేయి, దాని చివర గుండ్రని తల. ఆ తల నేలకు ఆనగానే నైట్రోజన్ వాయువు ఊది మట్టిని లేపి లోపలికి తోస్తుంది. ఈ ఉపాయాన్ని లాక్‌హీడ్ ఇంజినీరు ఒకాయన తన ఇంటి ముంగిట ప్లాస్టిక్ కప్పు, ఎయిర్ కంప్రెసర్‌తో మొదట పరీక్షించి చూశాడు. వాయువు సీసాలు మూడు పెట్టారు, అంటే మూడు ప్రయత్నాలకు వీలుంది. మొదటిసారే గురిపెట్టిన బిందువుకు మీటరు లోపల తాకింది. గట్టిగా ఉంటుందనుకున్న నేల మెత్తని బంతుల కుప్పలా లోపలికి పోయింది. ఆరు సెకన్లలో చేయి అర మీటరు దిగింది. ఆ వెంటనే నౌక వెనక్కి ఎగిరింది.

రెండు రోజులకు మూడో కెమెరా చిత్రాలు వచ్చాయి. తల నిండిపోయింది. మరీ నిండి, పెద్ద ముక్కలు అడ్డుపడి మూత పూర్తిగా పడలేదు. సందులోంచి మట్టి అంతరిక్షంలోకి రాలిపోతోంది. ఎంత మట్టి వచ్చిందో కొలవడానికి నౌకను గిరగిరా తిప్పాలని పథకం. తిప్పితే ఇంకా రాలుతుంది. కొలత సంగతి తర్వాత, ముందు మట్టిని పెట్టెలో పెట్టి మూసేద్దామని లారెట్టా బృందం నిర్ణయించింది. ఎంత తెచ్చారో తెలియకుండానే మూడేళ్లు ఎదురుచూశారు. ఆ నిర్ణయానికి ఆధారం టూసాన్‌లో తయారైన కెమెరా చూపిన చిత్రమే. కావలసింది 60 గ్రాములు. వచ్చింది రెట్టింపు.

మట్టి చెప్పినది

పెట్టెను హ్యూస్టన్‌లోని నాసా ప్రయోగశాలకు తీసుకెళ్లారు. ముప్పై ఐదు బిగింపుల్లో రెండు ఊడలేదు. గాలి చొరని గాజు పెట్టెలో వాడడానికి వీలైన కొత్త పనిముట్లు చేసి, 2024 జనవరిలో వాటిని తీశారు. జపాన్ వారు ఇంతకుముందే హయబుసా, హయబుసా-2 నౌకలతో గ్రహశకలాల మట్టి తెచ్చారు. రెండోసారి వారికి దొరికింది ఐదు గ్రాముల పైన. ఆ అనుభవం అందరికీ పనికొచ్చింది.

2025 జనవరిలో ఫలితాలు వెలువడ్డాయి. భూమి మీద జీవులు ప్రొటీన్లు కట్టుకోవడానికి వాడే ఇరవై అమైనో ఆమ్లాల్లో పద్నాలుగు ఆ మట్టిలో ఉన్నాయి. డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏల రాతకు అక్షరాల్లాంటి ఐదు పదార్థాలూ ఉన్నాయి. ఉప్పునీరు ఆవిరైపోయాక మిగిలే లవణాలు ఉన్నాయి. అంటే బెన్ను ఏ పెద్ద రాతిలోంచి విరిగి వచ్చిందో, దానిలో ఒకప్పుడు ఉప్పునీటి మడుగులు ఉండేవి. జీవం దొరికిందని ఎవరూ అనలేదు. జీవానికి కావలసిన సరుకు సౌరకుటుంబం తొలినాళ్లలోనే తయారై ఉందని గట్టి ఆధారం దొరికింది. ఈ మాటను ఉల్కల మీద చెబితే అంటుకున్నదేమోనన్న అనుమానం మిగిలేది.

భద్రత మాటా ఉంది. 2300 సంవత్సరం లోపు బెన్ను భూమిని తాకే అవకాశం 1,750లో ఒక్కటి. అందులో ఎక్కువ అవకాశం ఉన్న రోజు 2182 సెప్టెంబరు 24. నౌక దగ్గరుండి కొలవబట్టి ఈ లెక్క ఇంత కచ్చితంగా వచ్చింది. ఆ రోజుకు మనమెవరం ఉండం. లెక్క మాత్రం ఉంటుంది.

నౌక పని కూడా అయిపోలేదు. మట్టి పెట్టెను వదిలి అది మరో గ్రహశకలం అపోఫిస్ వైపు సాగిపోయింది. 2029 ఏప్రిల్ 13న అపోఫిస్ భూమి నేల మీద నుంచి సుమారు 32 వేల కిలోమీటర్ల దూరంలో సాగిపోతుంది. ఆ కొత్త యాత్రకు నాయకురాలు డానీ డెల్లాజుస్టీనా. ఆమె కూడా టూసాన్‌లోనే డిగ్రీ చదివి, లారెట్టా దగ్గర విద్యార్థిగా పని నేర్చుకున్నది. కైపర్ పోయిన ఏడాది డ్రేక్ వచ్చాడు. డ్రేక్ పోయిన రోజుకు లారెట్టా సిద్ధంగా ఉన్నాడు. లారెట్టా తన చేతిపనిని తన విద్యార్థినికి ఇచ్చాడు.

మన బడి సంగతి

ఈ చరిత్రలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన సంగతి ఒకటుంది. తెచ్చిన మట్టిలో కనీసం 70 శాతాన్ని ఇప్పుడు ముట్టుకోకుండా దాచారు. ఇంకా పుట్టని శాస్త్రవేత్తలు, ఇంకా తయారుకాని పరికరాలతో చూస్తారని దాచారు. చదువు విలువ తెలిసినవాళ్లు చేసే పని అది.

మనలో చాలామంది ఇంజినీర్లం, డాక్టర్లం, అధ్యాపకులం అయ్యాం. నేను ముప్పై ఏళ్లుగా కొలిచే పరికరాలతోనే పనిచేస్తున్నాను. మొట్టమొదట ఒక కొలత తీసింది మన ఫిజిక్స్ ల్యాబులో, వెర్నియర్ కాలిపర్స్‌తో. మాస్టారు ఒక్క నియమం పెట్టారు. చూసిన అంకె రాయాలి, పక్కవాడి అంకె రాయకూడదు. పరికరం విరిగితే తిట్టేవారు కాదు, విప్పించి ఎక్కడ విరిగిందో చూపించమనేవారు. ఆయన శిష్యుల్లో ఈ పుస్తకం చదువుతున్నవారు చాలామందే ఉంటారు.

స్వర్ణోత్సవ నిధితో ఏం చేయాలన్న చర్చ మన సంఘంలో నడుస్తోంది. బడి ముందు పెద్ద ముఖద్వారం కట్టాలని కొందరు మిత్రుల కోరిక. వారి అభిమానాన్ని కాదనను. నా ప్రతిపాదన వేరు. ఆ ల్యాబు గదిని తిరిగి బాగుచేద్దాం. పిల్లలు విప్పి, బిగించి, పాడుచేసి నేర్చుకోగల పనిముట్లు పెడదాం. తాళంచెవి చేతిలో ఉంచుకుని సాయంత్రం ఆరింటి దాకా గది తెరిచి ఉంచే ఒక సహాయకుడికి ఏటా జీతం వచ్చేలా మిగతా సొమ్మును బ్యాంకులో వేద్దాం. పరికరాల కంటే ఆ మనిషి ముఖ్యం. టూసాన్ అనుభవం చెప్పేది అదే. అక్కడ అరవై ఏళ్లు గది తెరిచే ఉంది, చూపించే మనిషి ఎప్పుడూ ఒకరు ఉన్నారు.

ఇది డబ్బుతోనే అయ్యే పని కాదని తెలుసు. పాత విద్యార్థుల్లో నెలకు ఒక శనివారం బడికి ఇవ్వగలిగినవారు తమ పేర్లు కార్యవర్గానికి తెలియజేయండి. టంకం వేయడం వచ్చినవారు, మోటారు విప్పడం వచ్చినవారు, రాత్రిపూట ఆకాశంలో శనిగ్రహాన్ని చూపించగలిగినవారు, ఎవరైనా సరే. జాబితాలో మొదటి పేరుగా నాది రాయమని ఇప్పటికే చెప్పాను. రెండో పేరు ఎవరిదో తెలుసుకోవాలని ఉంది.